ముందు ఖజానా, తర్వాత వాగ్దానం

కెనడాలోని విన్నిపెగ్‌లో ఓ వలస కుటుంబం. కుర్రాడి కాలి ఎముకకు చీము పట్టింది, కాలు తీసేయాల్సిందేనన్నారు. వైద్య విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే పైసా పుచ్చుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నాడు ఒక పెద్ద సర్జన్. కాలు దక్కింది. ఆ కుర్రాడే తర్వాత కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయిన టామీ డగ్లస్. అదృష్టం కలిసొచ్చి దక్కిన వైద్యం అందరికీ హక్కుగా ఎందుకు దక్కకూడదన్న పట్టుదలే ఆయన రాజకీయమంతా.

కరువు రోజుల్లో ఆ రాష్ట్రంలోని వేబర్న్‌లో చర్చి పాస్టరుగా పనిచేసిన డగ్లస్, 1944 రాష్ట్ర ఎన్నికల్లో సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీని 52 సీట్లకు 47 గెలిపించారు. ఆరోగ్య శాఖ తన దగ్గరే ఉంచుకున్నారు. 1947 జనవరి 1 నుంచి మనిషికి ఏడాదికి 5 డాలర్లు కడితే ఆస్పత్రి ఖర్చు ప్రభుత్వానిదే.

మేము ఆయన్ని మెచ్చుకునేది ఆ తర్వాత చూపిన ఓపికకు. డాక్టర్ల ఫీజు కూడా ప్రభుత్వమే భరించాలని ఆయన కోరిక. అయినా అప్పు చేసి ప్రకటించలేదు. ముందు పాత అప్పులు తగ్గించారు, పల్లెలకు కరెంటు వేయించారు. ఆస్పత్రి ఖర్చులో వాటా ఇస్తామని 1957లో కేంద్రం చట్టం చేసింది. ఆ డబ్బు రావడంతో ఖజానాకు ఊపిరి ఆడింది. 1959లో గానీ ఆయన మాట ఇవ్వలేదు. ఎన్నికలకు నెల ముందు పథకాలు ప్రకటించే నాయకులను చూస్తున్న మాకు ఈ పన్నెండేళ్ల నిరీక్షణ చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆయనలో లోపాలు లేవనడం లేదు. 1933 నాటి ఎం.ఏ. థీసిస్‌లో, సంతానానికి అనర్హులనుకున్నవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని రాశారు. అది తప్పే. అధికారంలోకి వచ్చాక మాత్రం ఆ దారి తొక్కలేదు. 1970లో అత్యవసర అధికారాల చట్టంతో పౌర హక్కులకు కత్తెర వేసినప్పుడు, జనం ఎదురు తిరుగుతారని తెలిసీ పార్లమెంటులో వ్యతిరేకించారు.

1961లో సీసీఎఫ్ స్థానంలో దేశస్థాయిలో కొత్తగా పుట్టిన ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ)కి నాయకత్వం వహించడానికి ప్రీమియర్ పదవి వదిలారు. మరుసటి ఏడాది జూన్‌లో రాష్ట్ర రాజధాని రెజైనాలో పార్లమెంటు సీటుకు పోటీచేస్తే, డాక్టర్ల ఫీజు ప్రభుత్వమే భరించే ఆ వైద్య పథకం మీద రగిలిన కోపం ఆయన్ని ఓడించింది. జులై 1న పథకం మొదలైన రోజే డాక్టర్లు క్లినిక్‌లకు తాళాలు వేశారు. ఇరవై మూడు రోజులు ఆ సమ్మెను కాచుకున్నది ఆయన వారసుడు వుడ్రో లాయిడ్. ఈ చరిత్రలో లాయిడ్ పేరు ఎప్పుడూ వెనకబడిపోవడం మాకు బాధగా ఉంటుంది.

1966లో ఆ పద్ధతినే దేశమంతటికీ చట్టం చేశారు. టొరంటోలో స్థిరపడిన మన పిల్లల జేబులోని హెల్త్‌కార్డు అక్కణ్నుంచి వచ్చిందే. లాయిడ్ మాత్రం 1964లోనే అధికారం కోల్పోయారు. గెలిచిన లిబరల్ పార్టీ ఆ పథకాన్ని రద్దు చేయలేదు.