కనిపిస్తా ఉంది సార్!

సూక్ష్మదర్శినిని బీరువాలోంచి తీసి పిల్లలకు రక్తం చూపించాలట. మొన్న మా పాప బడిలో తల్లిదండ్రుల మీటింగు జరిగితే ఒకాయన లేచి అడిగాడు. హెడ్మాస్టరు గారు తలూపారు. మిగతావాళ్ళం వాచీలు చూసుకున్నాం. ఈ డిమాండును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఊరికే అనడం లేదు, తొమ్మిదో తరగతిలో రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన అనుభవంతో అంటున్నాను. అంటే, చూసినట్టు రికార్డులో రాసిన అనుభవంతో.

తిరుపతిలో నేను చదివిన బడి పేరు ఇక్కడ అనవసరం. మా సూక్ష్మదర్శిని ఏడాదికి రెండుసార్లు బయటికి వచ్చేది. ఇన్‌స్పెక్షన్ నాడు ఒకసారి, ఆయుధపూజ నాడు ఒకసారి. పూజకు అటెండరు దానికి గంధం, కుంకుమ పెట్టి, ముందర టెంకాయ కొట్టేవాడు. ఒక ఏడు భక్తి ఎక్కువై కుంకుమ అక్షికటకంలోకి దూరింది. ఆ తర్వాత కింద ఉల్లిపొర పెట్టినా, దోమ రెక్క పెట్టినా అవే చుక్కలు. నల్లగా కనిపించేవి. నల్లగా ఉంటే ఏం, ఎర్ర పెన్సిలు మా చేతిలోనే ఉంది కదా.

1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అప్పటికి ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క అక్షికటకమూ పగిలింది. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఎంత అజాగ్రత్త! 1902లో ఆయనకు నోబెల్ ఇచ్చారు, సామాను చూసుకునే తీరుకైతే ఇచ్చి ఉండరు. మా దాని మరలకు తుప్పన్న మాటే లేదు. ఎవరి చెమటా దాని మీద పడనిచ్చే వాళ్ళం కాదు.

ఇక ఆ రోజు సంగతి. ప్రయోగం గురువారం. ‘పరిశీలన: గుండ్రటి ఎర్ర రక్తకణాలను గమనించితిని’ అని ఆదివారమే రాసేశాం, పదో తరగతి వాళ్ళ పాత రికార్డు చూసి. ‘జాగ్రత్తలు’ కూడా రాశాం. కాబట్టి గురువారానికి మిగిలింది రక్తం ఒక్కటే.

దాత కోసం సార్ తరగతంతా కలియజూశారు. దానానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ పూట లేటుగా వచ్చినవాణ్ణి ఎంపిక చేశారు. దూదిని స్పిరిట్‌లో ముంచి వాడి ఉంగరపు వేలు తుడిచారు. సూదిని దీపం మంటలో కాల్చి గుచ్చారు. కందిగింజంత చుక్క వచ్చింది. దాన్ని గాజుపలక ఒక కొసన అద్ది, ఇంకో పలక అంచును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపున ముందుకు తోయాలి. పొర పల్చగా రావాలి, లేకపోతే కణాల మీద కణాలు పడి ఏదీ తేలదు. సార్ తోసిన తోపుకు పొర రాలేదు, జామ్ పూసినట్టు వచ్చింది. పైన వేయాల్సిన లీష్మన్ రంగు సీసా అడుగున ఎండి పెచ్చు కట్టింది. రంగు లేకపోతే తెల్లకణాలను పట్టుకోవడం మహా కష్టం. "తెల్లవి మీకు సిలబస్‌లో ముఖ్యం కాదు" అన్నారు సార్.

(సాయంత్రం దాత గారి జేజి బడికి వచ్చింది. "సంగటి ముద్ద పెట్టి రగతం పట్టిచ్చేది నేనంట, సూదేసి తీసేది మీరంట, బాగుండాది సార్ చదువు!" అంది. విద్యావిధానం మీద నేను విన్న సమీక్షల్లో ఇదే చిన్నది.)

మేం 58 మందిమి. పీరియడ్ 45 నిమిషాలు. ఉపన్యాసం, సూది, ఏడుపు పోను 10 నిమిషాలు మిగిలింది. లెక్క వేసుకోండి, మనిషికి 10 సెకన్లు. వేరే ఊరి పిల్లలైతే గొడవ పడేవాళ్ళేమో. మేం ‘జరగండి, జరగండి’ చెవిన పడుతూ పెరిగినవాళ్ళం. ఎంతసేపు నిలబడినా లోపల దొరికేది రెప్పపాటేనని, ఆ రెప్పపాటులో కూడా భక్తితో కళ్ళు మూసుకుపోతాయని మాకు తెలుసు. అటెండరు పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి తోస్తున్నాడు. సార్ ఒక్కొక్కణ్ణీ "కనిపిస్తా ఉందా?" అంటున్నారు. "కనిపిస్తా ఉంది సార్" అంటూ వరస కదులుతోంది.

నా వంతు వచ్చింది. ఒక కన్ను మూయమన్నారు. టెన్షన్‌లో చూడాల్సిన కన్నే మూశాను. సర్దుకుని రెండోది తెరిచేసరికి ఏడు సెకన్లు అయిపోయాయి. మిగిలిన మూడింటిలో నాకు కనిపించినవి చెబుతాను. నా కనురెప్ప వెంట్రుకలు, తాటిచెట్లంత. ఒక గాలిబుడగ, చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచుతో. వాటి వెనక నిలువుగా నాలుగు గీతలు. అవి రక్తనాళాలనుకుని ఒళ్ళు పులకరించింది. కింద ఉన్న అద్దం కిటికీ వైపు తిరిగి ఉందనీ, అవి కిటికీ ఊచలనీ తెలిసింది చాలా ఏళ్ళకు.

"కనిపిస్తా ఉందా?"

"బాగా కనిపిస్తా ఉంది సార్."

‘బాగా’ అన్నది నా సొంతం.

మా తరగతిలో నిజంగా చూసినవాడు ఒక్కడే. మూడో బెంచీ వాడు, అందరికంటే ఆఖరు. గంట కొట్టేశారు, తోసేవాడు టీకి వెళ్ళాడు. వాడు పొర పల్చబడిన కొసకు పలకను జరుపుకుని, మర తిప్పుకుంటూ తీరిగ్గా చూశాడు. బొమ్మ వేసుకొచ్చాడు. గుండ్రటి బిళ్ళలు, నడిమి పలచన, రంగు లేత పసుపు. ఎర్రకణం ఒంటరిగా ఉన్నప్పుడు అలాగే ఉంటుంది, ఎరుపు గుంపులోనే తేలుతుంది. సార్ ఆ బొమ్మను వెలుతురుకు పట్టి చూసి "ఇది రక్తమా, పసుపునీళ్ళా?" అని పదికి నాలుగు వేశారు. నేను కాంపాసుతో ఎర్రటి సున్నాలు గీసి, మధ్యలో బోసిగా ఉందనిపించి తలా ఒక కేంద్రకం పెట్టాను. మనిషి ఎర్రకణానికి కేంద్రకం ఉండదు. కప్పకు ఉంటుంది. ఆ లెక్కన నేను వేసింది కప్ప రక్తం. తొమ్మిది వచ్చాయి. మార్జిను కొట్టనందుకు ఒకటి పోయింది.

నిజానికి ఆ కణం కేంద్రకాన్ని వదులుకునేదే హిమోగ్లోబిన్‌కు చోటు చాలాలని. తర్వాత 120 రోజులు ఒళ్ళంతా తిరుగుతూ ఆక్సిజన్ మోసి రాలిపోతుంది. కేంద్రకం లేదు కాబట్టి రెండుగా విడిపోలేదు కూడా. మన జిల్లాకు చిత్తూరులో కేంద్రం ఉండబట్టే 2022 ఏప్రిల్ 4న విడిపోగలిగింది.

ఇదే రక్తాన్ని 1674లో హాలెండులో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి చూశాడు. కటకం కూడా తనే అరగదీసుకున్నాడు. ‘కనిపిస్తా ఉందా’ అని అడిగే సార్ లేక, పాపం, కనిపించేదాకా చూడాల్సి వచ్చింది. మాకు ఆ ఖర్మ లేదు. పైగా ఆ 10 సెకన్లలో నేర్చుకున్నది జీవితమంతా పనికొచ్చింది. రేణిగుంట వైపు ఒక బ్రోకరు తుమ్మచెట్ల మధ్య నన్ను నిలబెట్టి "అదిగో సార్ పార్కు, అదిగో అరవై అడుగుల రోడ్డు" అంటే నేను తడుముకోలేదు. అడ్వాన్సు అక్కడే ఇచ్చాను. ఇప్పుడు చెప్పండి, తొమ్మిదో తరగతిలోనే కళ్ళు తెరిచి చూడడం నేర్పేస్తే ఈ ఊళ్ళో స్థలాలు ఎవరు కొనాలి?

మూడో బెంచీ వాడు బాగుపడలేదు. ఒక ల్యాబులో పొద్దున్నుంచి రాత్రిదాకా సూక్ష్మదర్శినికి కళ్ళు ఆనించి కూర్చుంటాడు. పోయిన నెల జ్వరమొచ్చి రక్తం ఇవ్వడానికి వెళ్తే గుర్తుపట్టి లోపలికి పిలిచాడు. నా పలకకు రంగు వేసి, ఆరబెట్టి, కడిగి, పైన నూనె చుక్క వేసి బిగించాడు.

"చూడరా నీ రక్తం, ఎట్లుందో."

ఈసారి సరైన కన్నే తెరిచి ఆనించాను. వెనక ఎవరూ తోయడం లేదు. అయినా పాత అలవాటు.

"కనిపిస్తా ఉంది రా. బాగా ఎర్రగా ఉంది."

"ఉండు," అన్నాడు, "ఇంకా లైటు వేయలేదు."