అడ్మిన్ గారు నాకేమవుతారు?

మొన్న ఆదివారం పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా నా కుటుంబం పది లక్షలకు చేరింది.

ఈ శుభవార్త ఫేస్‌బుక్ ద్వారా తెలిసింది. ఓ తెలుగు వార్తల వెబ్‌సైట్ వారి పేజీ "మన కుటుంబం పది లక్షలు దాటింది! కుటుంబ సభ్యులందరికీ పేరుపేరునా ధన్యవాదాలు" అని ప్రకటించి, కింద మూడంతస్తుల కేకు బొమ్మ వేసింది. పేరుపేరునా అన్నారు గానీ నా పేరు ఎక్కడా కనబడలేదు. అయినా మర్యాదగా నోరు పుక్కిలించుకుని వచ్చి, కూర్చుని, ఆలోచనలో పడ్డాను. నా పెళ్లిలో అత్తారి తరఫు బంధువులు ఓ ఎనభై మంది ఒక్కసారిగా మీద పడితేనే, ఎవరు చినమామగారో ఎవరు పెదమామగారో తేల్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడీ పది లక్షల మందితో నేనేం కావాలి? అందరికన్నా ముందు, ఆ పేజీ నడిపే అడ్మిన్ గారు నాకేమవుతారు?

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. రైల్లో ఎదురు సీటాయనతో సామర్లకోటలో "ఏ ఊరండీ మనది" అని మొదలుపెడితే, తుని వచ్చేసరికి ఏదో ఒక వరస కలిపేసే జాతి మనది. వరస తేలితేనే మర్యాద తేలుతుంది. అడ్మిన్ గారు బావ వరసైతే వేళాకోళం ఆడొచ్చు. మా ఆవిడకు తమ్ముడి వరసైతే రేపు మా అమ్మాయి పెళ్లిలో ఆయనే గంప ఎత్తాలి. వియ్యంకుడైతే కాఫీలో పంచదార తక్కువైందని అలిగే హక్కు ఆయనకుంటుంది. ఏ వరసా చెప్పకుండా వట్టి "మనదంతా ఒకే కుటుంబం" అనేవాణ్ణి మా ఊళ్లో చిట్టీల వ్యాపారి అంటారు.

ఈ చుట్టరికం చిక్కదనం ఎంతో చూసుకునే అవకాశం నాకు అంతకు నెల ముందే వచ్చింది. అదే పేజీలో లేపాక్షి మీద ఓ పోస్టు పెట్టారు. వేలాడే స్తంభం, ఏకశిల నంది, అన్నీ చక్కగా రాశారు. ఊరు మాత్రం చిత్తూరు జిల్లాలో ఉందన్నారు. నేను వినయంగా కామెంట్ పెట్టాను: "అయ్యా, లేపాక్షి చిత్తూరు జిల్లాలో లేదు. హిందూపురం పక్కన. 2022 దాకా అనంతపురం జిల్లా, ఆ ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. సరిచేయగలరు."

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. రెండే నిమిషాలు! "థాంక్యూ సో మచ్ అండీ! మీ ప్రేమే మా బలం. మీకు బాగా నచ్చిందేంటో కామెంట్ చేయండి." చివర మూడు గుండె బొమ్మలు. "అది చిత్తూరు జిల్లాలో లేకపోవడం నచ్చింది" అని రాశాను. దానికీ అదే జవాబు, గుండెలు కూడా మూడే. మా పక్కింటి చిలక సైతం "ఎవరూ?" అని అడిగాక కాసేపు తల వంచి వింటుంది.

ఈ ప్రేమ ఎక్కణ్ణించి ఊరుకొచ్చిందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ ఓ మాట అన్నాడు. ఇక మీదట ఫీడ్‌లో వ్యాపార సంస్థల సరుకూ మీడియా పేజీల సరుకూ తగ్గించి, స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు పెద్దపీట వేస్తామన్నాడు. అప్పటిదాకా ఫేస్‌బుక్ నుంచి వచ్చే జనం మీద బతికిన వెబ్‌సైట్లకు ఆ మాటతో కాళ్ల కింద నేల కదిలింది. కుటుంబానికే పెద్దపీట అయినప్పుడు మనమే కుటుంబమైపోతే పోలా అని మనవాళ్లలో ఏ బుర్రకు తట్టిందో (ఇది నా అనుమానం మాత్రమే, సాక్ష్యం తెమ్మంటే తేలేను), అప్పటివరకూ "పాఠకులకు విజ్ఞప్తి" అని రాసిన చేతులే "హాయ్ ఫ్యామిలీ" అని మొదలెట్టాయి.

ఆ కొత్త లెక్కలో జనం మాట్లాడుకునే పోస్టు పైకి లేస్తుంది. అంటే మనచేత ఏదో ఒకటి వాగించాలి. ఇడ్లీయా, దోసెయా? వానాకాలమా, చలికాలమా? మీ పేరులో రెండో అక్షరం ఏంటి? మా అన్నయ్య రిటైరైన తహసీల్దారు. సర్వీసంతా ఏ కాగితాన్నీ మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టలేదు. అలాంటి మనిషి ఆ పోస్టు కింద "ఘ" అని కామెంట్ పెట్టాడు. ఇదేంటన్నయ్యా అంటే, "అడిగారు కదరా" అన్నాడు.

నిజానికి ఈ జబ్బుకి ఫేస్‌బుక్ వాళ్లే 2017 డిసెంబరులో "ఎంగేజ్‌మెంట్ బెయిట్" (మనచేత నొక్కించి, వాగించే ఎర) అని పేరు పెట్టి, రకాలు కూడా విడదీశారు. ఓటేయమనే ఎర, బొమ్మ నొక్కమనే ఎర, షేర్ చేయమనే ఎర, ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయమనే ఎర, కామెంట్ పెట్టమనే ఎర. ఇలాంటి పోస్టులను కిందికి తొక్కేస్తామని హెచ్చరించారు. ఆ హెచ్చరికను మనవాళ్లు సిలబస్ అనుకున్నారు.

ఇలాంటి చుట్టం నిజంగా ఇంటికొస్తే ఎలా ఉంటుందా అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఊహించుకోకుండా ఉండలేకపోతున్నాను, అదీ నా బాధ. మా అమ్మాయికి పెళ్లిచూపులనుకోండి. వరస తేలకపోయినా పది లక్షల మంది మధ్య తిరిగిన పెద్దమనిషి కదా అని అడ్మిన్ గారిని పిలిచాం.

పెళ్లివారు తెనాలి నుంచి వస్తారు. అడ్మిన్ గారు గుమ్మంలోనే ఎదురెళ్లి, "శుభోదయం ఫ్యామిలీ! ఎక్కడి నుంచి చూస్తున్నారో కామెంట్ చేయండి" అంటారు. "తెనాలి నుంచండీ, చూడ్డానికే వచ్చాం" అంటాడు అబ్బాయి తండ్రి. "సూపర్ అండీ! మీ ప్రేమే మా బలం." సరే, లోపలికొచ్చి కూర్చుంటారు. అబ్బాయి ఏం చేస్తుంటాడని మా ఆవిడ అడుగుతుంది. వాళ్లు నోరు విప్పేలోగా అడ్మిన్ గారు అందుకుంటారు: "అబ్బాయి ఏం చేస్తాడో తెలిస్తే నోరెళ్లబెడతారు!" అందరం నోరెళ్లబెట్టడానికి సిద్ధమవుతాం. "పూర్తి వివరాలు మొదటి కామెంట్లో" అని ఆయన వంటింటివైపు చెయ్యి చూపిస్తారు. రెండు కుటుంబాలూ లేచి వంటింట్లోకి నడుస్తాయి. అక్కడ అప్పులిచ్చే యాప్‌ల ప్రకటనలు నాలుగు, మోకాళ్ల నొప్పుల నూనె ఒకటి, మూయబోతే ఇంకా పెద్దదయ్యే వీడియో ఒకటి. అన్నిటినీ దాటుకుని వెళ్తే ఫ్రిజ్ వెనకాల చిన్న చీటీ: "అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు."

ఈ వంటింటి యాత్ర ఎందుకని తెనాలి వారు అడిగితే చెప్పాలి కదా. పోస్టులోనే లింకు పెడితే ఫేస్‌బుక్ దాన్ని ఎక్కువ మందికి చూపించదని ఈ వృత్తిలో గట్టి నమ్మకం. అందుకే ఊరింపు ముందుగదిలో, లింకు వెనకగదిలో.

మళ్లీ హాల్లోకొస్తాం. అమ్మాయి కాఫీ తెస్తుంది. "అమ్మాయి నచ్చితే లవ్ సింబల్, ఇంటికెళ్లి ఆలోచించి చెప్తామంటే వావ్ సింబల్ నొక్కండి" అంటారు అడ్మిన్ గారు. అబ్బాయి తల్లి ముఖం ఎర్రబడుతుంది. "యాంగ్రీ అయినా ఓకే ఆంటీ, కౌంట్‌లోకి వస్తుంది." అబ్బాయి మేనత్త బుగ్గలు నొక్కుకుంటుంది. ఆ గోలలోనే మా అమ్మాయి ధైర్యం చేసి, "నేను అబ్బాయితో ఒక్క మాట మాట్లాడాలి" అంటుంది. "ఇలా మాట్లాడాలనుకునే అయిదుగురు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి!" పెళ్లివారు చెప్పుల కోసం వెతుక్కుంటుంటే ఆయన గేటు దాకా వెంటపడి, "వెళ్లేముందు బెల్ నొక్కడం మర్చిపోకండి" అంటారు. పాపం వాళ్లు బయటికెళ్లి, తలుపేసి, మా బెల్ నొక్కి వెళ్తారు. సాయంత్రం అడ్మిన్ గారు మేనేజ్‌మెంట్‌కి రిపోర్టు పంపుతారు: ఎంగేజ్‌మెంట్ బ్రహ్మాండంగా జరిగింది. నిశ్చితార్థం సంగతి అందులో రాయరు.

వాట్సాప్ ఛానళ్లు 2023 సెప్టెంబరులో మన దేశానికొచ్చినప్పుడు "ఇక మీకూ మాకూ మధ్య అడ్డే లేదు" అని ఆ పేజీవారు పిలిస్తే వెళ్లి చేరాను. అక్కడ వాళ్లు మాట్లాడారు. నాకు బొమ్మ నొక్కడానికి వీలుండేది, మాట రాయడానికి చోటుండేది కాదు. మా తాతయ్య మా నానమ్మతో అరవై ఏళ్లు ఇలాగే సంభాషించాడు.

మా నాన్నది పదిహేను పైసల కార్డు మీద పత్రికలకు ఉత్తరాలు రాసే అలవాటు. ఓ వారపత్రికలో తుంగభద్ర గురించి ఏదో తప్పు పడితే రాశాడు. పన్నెండో రోజున సబ్‌ఎడిటర్ దగ్గర్నుంచి కార్డొచ్చింది. "మీరు చెప్పింది నిజమే. వచ్చే సంచికలో సవరణ వేస్తున్నాం." అంతే. గుండెలు లేవు. ఆ కార్డు మా నాన్న పోయేదాకా ట్రంకుపెట్టెలో పొలం కాగితాలతో కలిసి ఉంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు "ప్రమదావనం" శీర్షికన దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఎవరినీ కుటుంబ సభ్యులారా అని పిలిచినట్టు నాకు గుర్తు లేదు. ఆవిడ ముందు ప్రశ్న చదివేవారు.

ఈ లేపాక్షి భాగోతమంతా మొన్న ఓ భోజనాల దగ్గర నవ్వుతూ చెబుతుంటే అందరూ నవ్వారు, మా తోడల్లుడు తప్ప. ఆయన చెయ్యి కడుక్కొచ్చి, ఫోన్ తీసి, అదే పేజీలో పాత పోస్టొకటి వెతికి నా ముందు పెట్టాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలకు కాలనీలే మునిగిన రోజు. మా తోడల్లుడి ఇల్లు అక్కడే. కింద వాటా నీళ్లలో ఉంది, వాళ్లు మేడ మీదున్నారు. కరెంటు లేదు, ఫోన్‌లో పన్నెండు శాతం ఛార్జింగ్. అప్పుడు ఆ పేజీ అడిగింది: "మీ ఏరియాలో పరిస్థితి ఎలా ఉంది ఫ్యామిలీ? ఫోటోలు, వీడియోలు కామెంట్లో పెట్టండి." జనం పెట్టారు. అడిగారు కదా. పసిపిల్లకు పాలు లేవని ఒకావిడ వీధి పేరూ ఇంటి గుర్తూ రాసింది. తన తండ్రికి మర్నాడు డయాలసిస్ ఉందని ఒకతను రాశాడు. మా తోడల్లుడు ఆ పన్నెండు శాతంలో రెండు ఖర్చుపెట్టి, మేడ మీద ఏడుగురం ఉన్నాం, మంచినీళ్లు అయిపోయాయి అని రాశాడు.

అందరికీ జవాబొచ్చింది. "థాంక్యూ సో మచ్ అండీ! మీ ప్రేమే మా బలం. మరిన్ని అప్‌డేట్స్ కోసం మా వెబ్‌సైట్ చూడండి." పాలు లేని తల్లికి అదే. డయాలసిస్ తండ్రి కొడుక్కి అదే. మూడేసి గుండెలు.

సిగ్గనేది ఉందా అసలు? ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు కూర్చుని ఆ కామెంట్లు చదివి, అడ్రసులు ఓ కాగితం మీద రాసి ఎవరికైనా ఫోన్ చేస్తే ఏం పోయేది? హెల్ప్‌లైన్ నంబరు ఒకటి కింద అతికించడానికి ఎంత ఖర్చవుతుంది? అడక్కుండా ఉన్నా బాగుండేది, వాళ్లు ఆ ఛార్జింగ్‌తో ఇంకెవరికైనా ఫోన్ చేసుకునేవారు. సాయంత్రానికి ఆ ఫోటోలన్నీ ఏరి, ప్రతిదాని మీదా తమ లోగో కొట్టి, "కన్నీళ్లు పెట్టించే దృశ్యాలు" అని ఒక్కో ఫోటోకీ ఒక్కో పేజీ తిప్పేలా వెబ్‌సైట్‌లో పెట్టారట. అందులో ఏడోది మా తోడల్లుడి మేడ. చదవడానికి మనిషి దొరకలేదు, లోగో కొట్టడానికి దొరికాడు! మర్నాడు మధ్యాహ్నం ఎవరో కుర్రాళ్లు థర్మాకోల్ తెప్ప మీద నీళ్ల క్యాన్లు తెచ్చి అందించారట. వాళ్ల పేరు కూడా అడగలేదు, అంత దాహం అన్నాడు.

అడ్మిన్ పని చేసే కుర్రాణ్ని నేను తిట్టను. అలాంటి ఆఫీసులో చేసిన అబ్బాయొకడు మా వీధిలోనే ఉంటాడు. జర్నలిజం చదివాడు. అయిదు పేజీలు, రెండు ఛానళ్లు, ఓ ఇన్‌స్టా, అన్నిటికీ తనొక్కడే. గంటకిన్ని పోస్టులని లెక్క. "కామెంట్లు చదవడం మన టార్గెట్‌లో లేదు సార్, జవాబులు ఆటోమేటిక్‌గా పోతాయి" అన్నాడు. పది లక్షల మందికి సంక్రాంతి శుభాకాంక్షలు షెడ్యూల్ చేసే హడావుడిలో వాళ్లమ్మకు ఫోన్ చేయడం మర్చిపోయాడట. జీతం ఎంతంటే నవ్వాడు. నేను వరస తేల్చుకోవాల్సింది ఆ పైన గాజుగదిలో కూర్చుని నెలాఖరున అంకెలు చూసుకునే పెద్దాయనతో. ఆయన తన పేజీని తాను ఒక్కసారైనా కింది దాకా చూసి ఉంటాడని నేననుకోను.

ఇదంతా రాసేముందు, ఎంతైనా న్యాయంగా ఉండాలి కదా అని లేపాక్షి పోస్టు మళ్లీ తెరిచాను. ఈ నెల రోజుల్లో అక్కడా ఇక్కడా కలిపి ఆ పేజీలో నేను పదకొండు కామెంట్లు పెట్టినట్టు తేలింది. చివరి రెండూ ఇక్కడ రాయదగినవి కావు. ఇంతలో ఓ నోటిఫికేషన్ వచ్చింది: ఈ పేజీకి మీరు టాప్ ఫ్యాన్ అయ్యారు, ఆ బ్యాడ్జీ మీ పేరు పక్కన చూపించమంటారా?

మా ఆవిడను పిలిచి చూపించాను. "మొత్తానికి వరస తేలిందిగా" అంది.

చూపించమని నొక్కాను. పన్నెండో కామెంట్ బ్యాడ్జీతో సహా పడింది: "అయ్యా, హిందూపురం పక్కన." రెండు నిమిషాల్లో మూడు గుండెలొచ్చాయి.