స్టెప్నీ కింద జెల్ల చేప

మొన్న ఆదివారం సంగతి ఇది. నెల్లూరు వేదాయపాళెంలో ఉండే రిటైర్డ్ లెక్కల మేష్టారొకాయన సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. తెల్ల సెడాన్, డీజిల్, 2018 మోడల్, టీఎన్ నంబరు, అంటే తమిళనాడు బండి, మీటరు మీద 48 వేలు. బ్రోకరు నాలుగు లక్షల అరవై వేలు చెప్తే నాలుగూ ముప్పైకి తెగింది. పూజ చేయిద్దామని ఇంటిల్లిపాదీ పెంచలకోన బయల్దేరారు. పొదలకూరు దాటాక వెనక ఎడం టైరు పంచరైంది. పంచరు ఎవరికైనా అవుతుంది. స్టెప్నీ తీద్దామని డిక్కీ తెరిచారు చూడండి, గొడవంతా అక్కడ మొదలైంది.

కొనేముందు చూడలేదా అంటే, చూశారు. బామ్మర్దిని వెంటబెట్టుకుని మరీ వెళ్లారు. బామ్మర్దికి కార్ల సంగతి క్షుణ్ణంగా తెలుసని ఆ ఇంట్లో గట్టి నమ్మకం. ఒకప్పుడు కావలిలో పెట్రోలు బంకులో లెక్కలు రాశాడు మరి. ఆయన నాలుగు టైర్లనీ వరసగా తన్నాడు. తలుపులన్నీ తీసి వేశాడు. హారన్ కొట్టాడు. ఏసీకి మొహం అడ్డం పెట్టి "బో చల్లగుంది బావా" అన్నాడు. బానెట్ ఎత్తి ఇంజను వంక కాసేపు చూశాడు, ఇంజనూ ఆయన వంక కాసేపు చూసింది, బానెట్ దించేశారు. "ఇంజను సూపర్ సార్" అని పక్కనున్న మెకానిక్కు తేల్చాడు. ఆ మెకానిక్కుని పిలిపించింది బ్రోకరే. పిలిపించినవాడే కమీషనిస్తాడన్న లెక్క లెక్కల మేష్టారికి తట్టలేదు.

వీళ్లు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంది. "మీరొస్తన్నారని ఒక రౌండు కొట్టించా సార్" అన్నాడు బ్రోకరు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే కొంప ముంచేది. డీజిల్ ఇంజను రోగాలన్నీ రాత్రంతా చల్లారి, పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే బయటపడతాయి. ఎంతసేపు సెల్ఫ్ కొడితే అందుకుంటోంది, చల్లటి ఇంజనుని వేడెక్కించే గ్లో ప్లగ్గులు పనిచేస్తున్నాయా, పొగ ఏ రంగు వస్తోంది అన్నది అప్పుడే చూడాలి. నీలం పొగైతే ఆయిలు కాలుతోంది. నల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనో, గాలి నెట్టే టర్బోనో అనుమానించాలి. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే డీజిల్ సరిగ్గా కాలడం లేదనో, ఇంజనుని చల్లబరిచే కూలెంటు సిలిండర్లోకి దిగుతోందనో అర్థం. కాబట్టి బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగిలితే "రేపు పొద్దున్నే వస్తాం, తాళం ముట్టుకోబాకండి" అని చెప్పి ఇంటికి రావాలి. ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత విప్పి అక్కడే వదులుగా బోర్లిస్తే, అది కాస్త వణుకుతూ కూర్చుంటే పర్వాలేదు. ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగాయేమోనని అనుమానించాలి. ఇదంతా చెయ్యడానికి అయిదు నిమిషాలు చాలు. టైర్లని తన్నడానికీ దాదాపు అంతే పట్టింది.

సరే, డిక్కీ దగ్గరికొద్దాం. కార్పెట్ ఎత్తారు. స్టెప్నీని పట్టి ఉంచే బోల్టు తిరగనంది. తుప్పుతో బిగుసుకుపోయింది. వాన చుక్క పడని చోట, అదీ కార్పెట్ కింద ఉన్న బోల్టుకి తుప్పెట్టా పట్టిందని ఒక్కరూ అడగలేదు. దేవుడి దీపానికని తెచ్చిన నూనె పోసి, బామ్మర్దీ, మేష్టారి కొడుకూ కలిసి దాన్ని విప్పారు. చక్రం పైకి లేపారు. కింద గుంతలో అరంగుళం మందాన ఎండిన బురద ఉంది, నెర్రెలిచ్చింది. ఆ బురద మధ్యలో బెత్తెడు పొడుగు చేప. ఎండిపోయింది గానీ మీసాలతో సహా నిక్షేపంగా ఉంది.

కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మొదలెట్టారు. నెల్లూరోళ్లు కదా, కారు గతేందని అడక్కుండా చేప జాతేందని పట్టుకున్నారు. "కొరమేను పిల్ల బావా" అన్నాడు బామ్మర్ది, ఇంజను గురించి ఎంత ధీమాగా చెప్పాడో అంతే ధీమాగా. "కొరమేనుకి పొలుసుంటది గదరా, దీనికేదీ? ఆ మీసాలు చూడు, జెల్ల" అని అక్క తమ్ముణ్ణి కసిరింది. మేష్టారు జోక్యం చేసుకుని, అసలది డిక్కీలోకి ఎట్టా వచ్చిందో ఆలోచించండ్రా అన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. పిల్లలు ఫోన్లు తీసి ఫొటోల్లో పడ్డారు. ఎనభై దాటిన మేష్టారి తల్లి కారు దిగకుండానే దాన్ని కాగితం మీద తెప్పించుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి తీర్పిచ్చింది: "చెరువు జెల్లరా అబ్బయ్యా ఇది. సముద్రం జెల్ల కాదు."

ఆ మరుక్షణమే ఆవిడకి ఇంకోటి గుర్తొచ్చింది. "గుడికి పోతా నీచు ముట్టుకున్నామే!" దాంతో ఇంకో పంచాయితీ. ఇంటికెళ్లి తలస్నానాలు చేసి రావాలా, దారిలో బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటే చాలా, ఎండిన చేప నీచు కిందికి వస్తుందా రాదా అని వాదన. బండికి పూజ చేయించాలా, ముందు చేపకి కర్మ చేయించాలా అని మేష్టారి కొడుకు అంటే, వాడికి రెండు తగిలాయి.

పెద్దావిడకి తెలియదు గానీ, ఆ రోడ్డు మీద పనికొచ్చే మాట అన్నది ఆవిడొక్కతే. చేప దొరికిందంటే బండి ఎప్పుడో మునిగినట్టే, అదీ చెరువు నీళ్లలో. ఉప్పునీళ్లలో మునిగిన కారు వేరు, చెరువు నీళ్లలో మునిగిన కారు వేరు. ఉప్పునీళ్లయితే వైరింగు కనెక్టర్లు ఇంకా తొందరగా చిలుము పట్టి పచ్చబడతాయి. ఈ రోజు పవర్ విండో, పై నెల ఫ్యూయల్ పంపు, ఇట్లా ఒక్కొక్కటే మూలబడతాయి. చెరువు బురదైతే ఆల్టర్నేటర్లో, స్టార్టర్లో, వీల్ బేరింగుల్లో చేరి అరగదీస్తుంది. ఎయిర్‌బ్యాగుల కంప్యూటరు చాలా కార్లలో గేర్ రాడ్డు పరిసరాల్లో, నేలని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు సీటెత్తు రాకముందే అది మునిగిపోతుంది. తాళం ఆన్‌లో పెట్టగానే ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. ఈ బండిలో అసలు వెలగనే వెలగదు. ఏ కంప్లయింటూ లేదు కాబట్టే వెలగడం లేదని బామ్మర్ది అనుకున్నాడు.

చేపని చూశాక మేష్టారిలో లెక్కల మనిషి నిద్రలేచాడు. డ్రైవరు సీటు బెల్టు చివరికంటా లాగాడు. మామూలుగా మనం లాగేది సగమే. మిగతా సగం రీల్లోనే ఉండిపోతుంది, కడిగేవాడి చెయ్యి కూడా అక్కడికి పోదు. అక్కడ మూరెడు పొడుగున మట్టిరంగు చార కనబడింది. తర్వాత టైర్ల మీద పడ్డాడు. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే కోడుకి చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగింటి మీదా 0524, అంటే 2024 జనవరి ఆఖరు. స్టెప్నీ ఒక్కటే 18తో ముగిసింది. చెన్నైని మిచౌంగ్ తుఫాను ముంచింది 2023 డిసెంబరు మొదటి వారంలో. టైర్లు నీళ్లకి పాడవవు. ఆ అంకెలు చెప్పేది బండిని అమ్మకానికి ముస్తాబు చేసిన కాలం. కొత్త సీటు కవర్లు, డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా, అంతా అప్పటి అలంకారమే. ముక్కు పగిలే సెంటు కొట్టిన కారులో మొదట చెయ్యాల్సింది ఏసీ ఆపి, అద్దాలెక్కించి పది నిమిషాలు కూర్చోవడం. ముక్కిపోయిన వాసన దానంతటదే బయటికొస్తుంది.

రోడ్డు మీంచే బ్రోకరుకి ఫోన్ చేశారు.

"చేపా? మీరు మార్కెట్ నుంచి తెచ్చినప్పుడు సంచిలోంచి జారుంటది సార్."

"స్టెప్నీ కిందకి ఎట్టా జారుతుందయ్యా?"

"చేపలు గదా సార్, జారతాయి."

ఈ బ్రోకర్లని ఏమీ అనలేం. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్లు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని నిబంధన వచ్చింది. మన బ్రోకరుకి ఆఫీసు లేదు, బోర్డు లేదు, మినీ బైపాస్ పక్కన ఒక వేపచెట్టు ఉంది. ఎవడొచ్చి చెట్టుకి లైసెన్సు అడుగుతాడు? రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద ఓనరుకి డబ్బు కట్టేస్తుంది, బండి వేలానికి పోతుంది. అక్కడ ఆర్సీ రద్దు చేయించకుండా వదిలేస్తే, అదే నంబరుతో, అదే ఛాసిస్‌తో ఎవడో దాన్ని కడిగి రోడ్డెక్కిస్తాడు. బండి మునిగిందన్న ముక్క ఆర్సీ మీద ఉండదు. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ వేస్తారు.

కాగితాల కట్ట విప్పితే ఇంకో అందం. బ్రోకరు ఇచ్చినవి ఓనరు పేరు మార్పుకి వాడే ఫారం 29, ఫారం 30, వాటి మీద సంతకం మాత్రమే. తేదీ లేదు, కొన్నవాడి పేరు లేదు. ఆర్సీలో ఒక ఫైనాన్స్ కంపెనీ హైపోథికేషన్, అంటే అప్పు తాకట్టు, అట్లాగే కూర్చుని ఉంది. అది పోవాలంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 35 కావాలి. టీఎన్ బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ ఉండాలి. బండి మన దగ్గర 12 నెలలు దాటి తిరగాలంటే ఏపీ నంబరుకి మార్చాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టింది వెనక్కి తెచ్చుకోవడం వేరే కథ. బీమా పాలసీ పేరు మార్పుకి 14 రోజులే గడువు. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పాత ఓనరుతోనే పోతుంది, బండితో రాదు. చెన్నై బండి ముప్పై వేలు తక్కువకి వచ్చిందని మురిసిపోయేవాళ్లు లైఫ్ ట్యాక్స్ ఎంతో ముందే కనుక్కుంటే, ఆ మురిపెం అక్కడే తీరిపోతుంది.

సోమవారం మేష్టారు ఆ కారు కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్లి బండి నంబరు చెప్పాడు. 2022లోనే 91 వేలు తిరిగినట్టు వాళ్ల కంప్యూటర్లో ఉంది. కొనకముందే అడగాల్సింది. అయినా బ్రేకు పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నబడ్డప్పుడే 48 వేలన్న మాట నమ్మకూడదు. కారిప్పుడు ఆటోనగర్లో సీట్లూ కార్పెట్లూ ఊడదీసి ఉంది.

బామ్మర్ది నిన్న ఒంగోలు వెళ్లాడు. ఎవరో తెలిసినాయన ఇన్నోవా కొంటున్నాడట, చూసి పెట్టమన్నాడట. ఈసారి స్టెప్నీ గుంత విప్పించి చూడందే వదలనని శపథం చేసి మరీ బస్సెక్కాడు. ఇన్నోవాకి స్టెప్నీ బండి కింద వేలాడుతుంది.