కేజీ రేటు, గజం రేటు

వన్యప్రాణుల మీద పరిశోధన అనగానే మనవాళ్లకు ముంబయి, డెహ్రాడూన్ గుర్తొస్తాయి. అక్కడ పెద్ద పెద్ద సంస్థలున్న మాట నిజమే. అయితే మన విజయవాడ లాడ్జీల్లో ఏళ్ల తరబడి, ప్రభుత్వం దగ్గర పైసా గ్రాంటు ఆశించకుండా, పోలీసులు ఎప్పుడు తలుపు కొడతారో అన్న టెన్షన్‌ను కూడా భరిస్తూ జరుగుతున్న పరిశోధన గురించి ఇంతవరకు ఏ సైన్సు పత్రికా రెండు ముక్కలు రాయలేదు. ఊరి మీద అభిమానం ఉన్నవాణ్ణి కాబట్టి ఆ లోటు నేనే తీర్చాలి.

రెండు తలల పామునే తీసుకోండి. శాస్త్రజ్ఞులు దాని గురించి చెప్పేది చాలా తక్కువ. విషం లేదు. పొడి నేలల్లో, వదులు మట్టిలో దూరి ఉంటుంది. ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. ఎవరైనా మీదికొస్తే అసలు తలను చుట్టల కింద దాచుకుని తోకను ముందుకు పెడుతుంది, దెబ్బ తగిలితే దానికే తగలనీ అని. అంతే, వాళ్ల చదువు అక్కడితో ఆగిపోయింది. మన బ్రోకర్లు ఇంకా లోతుకు వెళ్లారు. ఈ పాము ఇంట్లో ఉంటే లంకెబిందెలు వాటంతటవే బయటపడతాయని, మందులకు లొంగని రోగాలు దీనికి లొంగుతాయని, బరువు ఒక హద్దు దాటితే రేటు లక్షల్లోంచి కోట్లలోకి దూకుతుందని కనిపెట్టింది వాళ్లే. ఆ కోట్లు ఇచ్చే సేఠు ఎక్కడో విదేశంలో ఉంటాడు. ఆయన్ని కళ్లారా చూసినవాడు ఇంతవరకు దొరకలేదు.

ప్రయోగశాలకు హంగులేమీ ఉండవు. రెండో అంతస్తులో గది, కర్టెన్లు దించి, టీవీ సౌండు పెంచి ఉంటుంది. మంచం మీద పాత పేపరు, దాని మీద సగం ఇసుక పోసిన పెయింటు బకెట్టు. ఒకతను ఫోన్ టార్చి కొడతాడు. ఇంకొకతను పామును నడుం దగ్గర పట్టి బియ్యం సంచిలో వేసి, సంచిని కొక్కెం కాటాకు తగిలిస్తాడు. పాము పెనుగులాడదు. దానికి తెలిసిన ఉపాయం తల దాచుకోవడం ఒక్కటే, సంచిలో కూడా ఆ పనే చేస్తుంది.

"ఏంటన్నయ్యా, రెండు కేజీలన్నావు, ఒకటింపావే చూపిస్తోంది?"

"ప్రయాణంలో నీరసపడింది తమ్ముడూ. నాలుగు ఎలకలేస్తే అదే తూగుద్ది."

పోయిన వారం అదే గదిలో బియ్యాన్ని అయస్కాంతంలా లాక్కుంటుందని చెప్పి అమ్మే ఇరిడియం చెంబు మీద పరీక్షలు జరిగాయి. జీవశాస్త్రాన్నీ భౌతికశాస్త్రాన్నీ ఒకే మంచం మీద నడిపే సంస్థలు దేశంలో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి. చివరికి పోలీసులొస్తారు. ప్రెస్‌మీట్‌లో బల్ల మీద బకెట్టు, వెనకాల ముసుగులు వేసుకున్న పరిశోధకులు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. ఎంత పెద్ద పరిశోధకుడికైనా చివరికి కావాల్సింది పబ్లికేషనే కదా, ఆ ముచ్చటా తీరిపోతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పామును పట్టడం, అమ్మడం నేరం. ఆ సంగతి మనవాళ్లకు తెలియదనుకోకండి. నేరం కాకపోతే అంత రేటు ఎందుకుంటుందని వాళ్లే మనల్ని ఎదురడుగుతారు. ఆ తర్కం విన్న తర్వాత నాకు నోట మాట రాలేదు. 2016లో అలుగు (ఒంటి నిండా పొలుసులుండే అడవి జంతువు) వ్యాపారాన్ని, 2019లో నక్షత్ర తాబేలు వ్యాపారాన్ని దేశాల మధ్య పూర్తిగా ఆపేయాలని సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) సభ్యదేశాలు తీర్మానించాయి. ప్రపంచమంతా దాన్ని హెచ్చరిక అనుకుంది. ఇక్కడ అది మార్కెట్ అప్‌డేట్. అలుగు పొలుసులో ఉండేది కెరటిన్, మన గోళ్లలో ఉండేదీ అదే, సెలూన్‌లో ఊడ్చి పారేసే జుట్టులో ఉండేదీ అదే. జుట్టుకు లేని రేటు అలుగుకు ఎందుకొచ్చిందో నాకు అంతుబట్టదు. (తిరుమల తలనీలాలకు వేలంపాట ఉంది కాబట్టి జుట్టుకు రేటు లేదనడం కూడా పూర్తిగా సరికాదు. కనీసం ఆ జుట్టు కోసం భక్తుణ్ణి చంపరు.)

గాడిద అడవి జంతువు కాదు. అయినా ఈ జాబితాలో చోటివ్వకపోతే గుంటూరు జిల్లాకు అన్యాయం చేసినట్టవుతుంది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. 61 శాతం మాయం. ఇటుకబట్టీకి ట్రాక్టరొచ్చింది, రేవుకు వాషింగ్ మెషీనొచ్చింది, గాడిదకు పని పోయింది. పని పోయినవాడికి మన సమాజం ఏం చేస్తుందో దానికీ అదే చేసింది. ఇటు గుంటూరు, ప్రకాశం వైపు ఆ మాంసం తింటే ఉబ్బసం పోతుందని, నడుంనొప్పి తగ్గుతుందని, అన్నిటికీ మించి పరుగు వస్తుందని నమ్మకం. ఆహార భద్రత నిబంధనల్లో గాడిద తినదగిన జంతువు కాదు, కాబట్టి అమ్మకం చాటుగానే జరుగుతుంది. పరుగు కోసం వచ్చినవాళ్లు మోటార్‌సైకిల్ మీద వస్తారు, కొనుక్కుని మళ్లీ మోటార్‌సైకిల్ మీదే వెళ్లిపోతారు.

ఇంత పరిశీలన తర్వాత నాకు తట్టిన సిద్ధాంతం మనవి చేస్తాను. ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు 1964 నుంచి రెడ్ లిస్టు నడుపుతున్నారు. ఒక జీవి సంఖ్య ఎంత, ఎంత వేగంగా తగ్గుతోంది, ఎంత జాగాలో బతుకుతోంది అని చూసి, ఇది పర్వాలేదు, ఇది ప్రమాదంలో ఉంది అని తేలుస్తారు. అన్నీ చూస్తారు గానీ రెండు కాలమ్‌లు వదిలేశారు. కేజీ ఎంత? గజం ఎంత? మన దగ్గర ఏ ప్రాణి అయినా ఈ రెండిట్లో ఒకదానితో పోవాల్సిందే. కేజీ రేటు ఉన్నది సంచిలో పోతుంది. కేజీ రేటు లేనిది, పాపం, తన జోలికి ఎవరూ రారని ధీమాగా కూర్చుని ఉంటే, అది కూర్చున్న చోటుకు గజం రేటు వస్తుంది.

బావురు పిల్లిని చూడండి. కృష్ణానది సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లో ఉంటుంది. నీళ్లలోకి దూకి చేపలు పట్టే పిల్లి. పరిశోధకులు బురదలో దిగి చెట్లకు కెమెరాలు కట్టి, ఒంటి మీద మచ్చల తేడాను బట్టి ఇది ఫలానా పిల్లి, అది ఇంకో పిల్లి అని లెక్క కడతారు. కేజీ రేటు లేదు. టీవీలో మాత్రం అప్పుడప్పుడు రేటింగ్ ఉంటుంది, చేపల చెరువు గట్టు మీద కనబడితే 'పులి పిల్ల కలకలం' అని సాయంత్రం దాకా స్క్రోలింగ్ నడుస్తుంది. మర్నాడు అది పిల్లేనని తేలాక ఆ పిల్లికి ఏమైందని అడిగేవాడుండడు. చెరువు మాత్రం ఎకరానికి ఇంత కౌలని కాగితం మీద ఉంటుంది. పిల్లి దగ్గర కాగితం లేదు.

కొల్లేరు దగ్గరికొస్తే ఈ శాస్త్రం శాసనసభ స్థాయికి చేరింది. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, పక్షులకు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింది చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో, ఐదు ఎక్కువైంది, మూడుకు తగ్గించండని అసెంబ్లీ తీర్మానం చేసింది. మూడైతే 135 చదరపు కిలోమీటర్లు. బీసెంట్ రోడ్డులో చొక్కా బేరమాడినట్టు ఒక సరస్సును ఐదా మూడా అని బేరమాడగలిగిన జాతి మనది తప్ప ఇంకోటి ఉంటుందనుకోను. ఆ బేరం ఇప్పటికీ ప్రతి ఎన్నికల్లో ఒకసారి పైకి లేస్తుంది. పార్టీలు మారినా ఈ విషయంలో మాట మారదు, ఆ ఐకమత్యం చూస్తే ముచ్చటేస్తుంది. గూడబాతులకు ఓటు లేదు, కాంటూరు పాఠం కూడా రాదు. నీళ్లు ఎక్కడుంటే అక్కడ దిగుతాయి.

అలా దిగేది గుంటూరు పక్కన ఉప్పలపాడులో చూడాలి. పెదకాకాని మండలం, ఊరి చెరువులు, నీళ్ల మధ్య సర్కారు తుమ్మలు. అభయారణ్యం గీతలు గీసి పక్షుల్ని రమ్మన్నది కాదు, అవే వచ్చాయి, ఊరివాళ్లు ఉండనిచ్చారు. గూడబాతు ఆకాశంలో ఉన్నంతసేపు విమానంలా దర్జాగా ఉంటుంది. కొమ్మ మీద వాలేటప్పుడు దాని గుట్టు బయటపడుతుంది. ఆ బరువుకు తుమ్మకొమ్మ కిందికి వంగి, పక్కనున్న ఎర్రకాళ్ల కొంగ ఎగిరిపడి, రెక్క విదిల్చి, ముక్కు టపటపలాడించి నిరసన తెలుపుతుంది. గూడబాతు పట్టించుకోదు. దాని పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడ దాకా తల దూర్చి చేప లాక్కుంటుంది. కింద నీళ్ల మీద తెల్లటి రెట్టలు, గాలి తిరిగితే ముక్కు మూసుకోవాల్సిన వాసన.

ఇలాంటి చోటికి వెంచర్ వాళ్లు కస్టమర్లను కారులో దింపి చూపించే రోజు వస్తే సంభాషణ ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

"గూడబాతు వ్యూ మేడం. ఈస్ట్ ఫేసింగ్ కూడా."

"బాగానే ఉంది గానీ, ఈ వాసనేంటండీ?"

"సీజన్ అయిపోతే ఉండదండీ. ఫేజ్ టూ అయ్యేసరికి పక్షులు కూడా ఉండవు, మీకు ఆ బెంగ వద్దు."

కొండపల్లి గురించి ఒక్క మాట. దశావతారాల బొమ్మలు చెక్కేది తెల్లపొణికి కర్రతో. చేప, తాబేలు, వరాహం, అన్నీ షోకేసులో క్షేమంగా ఉన్నాయి. తగ్గిపోయింది పొణికి చెట్టే. దేవుడు ఏ అవతారమైనా ఎత్తగలడు గానీ, చెట్టు కావాలని ఆయనకు తోచలేదు.

ఇక అసలు పరిశోధకుల సంగతి. వాళ్ల వెనకబాటుతనం తెలియాలంటే కలివి కోడి కథ వినాలి. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే సర్జన్ లోకానికి చెప్పిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఊరివాళ్ల సాయంతో కడప జిల్లాలో మళ్లీ దాని ఆచూకీ పట్టారు. రాత్రిపూట తిరుగుతుంది, మనిషి అలికిడికి పొదల్లోకి జారుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఏం చేశారంటే, పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి దాని మీద కాలిముద్రలున్నాయేమో వంగి చూశారు. పక్షి కూడా కాదు, దాని కాలిముద్ర! ఏళ్ల తరబడి ఇదే పని. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోంచి పోతుంటే అడ్డుపడి దారి మార్పించారు కూడా. చివరికి 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు దాని కూత మళ్లీ రికార్డు చేశారు. ఇంత కష్టపడ్డారు కదా, ఆ పక్షి కేజీ ఎంత పలుకుతుందో వీళ్లలో ఒక్కరికీ తెలియదు. పొదలున్న నేల సెంటు ఎంతో కనుక్కోలేదు. ఇలాగైతే గ్రాంట్లు ఎవరిస్తారు?

అందుచేత నా సూచన ఒకటే. సంరక్షణ పనిని పరిశోధకుల చేతుల్లోంచి తీసేసి మన బెజవాడ, గుంటూరు రియల్టర్లకు అప్పగించాలి. చెరువు కనబడితే పూడ్చడం, కొండ కనబడితే చదును చేయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య అని అభాండాలు వేస్తారు గానీ, అమ్మకం అయ్యేదాకా ఒక్క గడ్డిపరకను కూడా ముట్టుకోకుండా, చుట్టూ రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, వాచ్‌మన్‌ను పెట్టి కాపాడేది ఎవరు? పదేళ్లయినా అమ్ముడుపోని వెంచర్లలో కుందేళ్లు, కంజులు, ఉడుములు హాయిగా తిరుగుతున్నాయి. నిజం చెప్పాలంటే మన జిల్లాల్లో పని చేస్తున్న అభయారణ్యాలు అవే. చేయాల్సిందల్లా ప్రాణుల్ని కాపాడే చోట్లను అమ్మకానికి పెట్టి, అవి ఎప్పటికీ అమ్ముడుపోకుండా రేటు పెట్టడమే.

మొదటి ప్రాజెక్టుగా కలివి కోడి పొదలు. బ్రోచర్ షరతులు నేనే రాసిపెట్టాను, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు:

బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి సైట్ విజిట్‌కు ఏసీ బస్సు, దారిలో టిఫిన్, భోజనం మావే. పక్షి రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది కాబట్టి విజిట్ చీకటి పడ్డాకే. టార్చి ఎవరిది వారే తెచ్చుకోవాలి, పక్షి ముఖాన కొట్టరాదు. మెత్తటి మట్టి పరిచిన చోట చెప్పులతో నడవరాదు, సెల్ఫీలు బస్సులోనే తీసుకోవాలి. పొదలు కొట్టడం, బోరు వేయడం, కాంపౌండ్ వాల్ కట్టడం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నిషిద్ధం. పక్షి కనబడలేదన్న కారణంతో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. 1900 నుంచి 1986 దాకా అది ఎవరికీ కనబడలేదు కాబట్టి కస్టమర్లు కాస్త ఓపిక పట్టాలి.