రెండడుగుల ట్యాంకుకు సంపు లేకపోతే కొంపలు మునుగుతాయా?

ఉప్పునీటి చేపలు పెంచుదామని రెండడుగుల ట్యాంకు కొన్నవాళ్లకి ఈ మధ్య ఎవరిని అడిగినా ఒకే సలహా దొరుకుతోంది. "సంపు లేకుండా మెరైన్ ట్యాంకు నిలబడదు. సంపు పెడితే ఇక నీళ్లు మార్చే పనే ఉండదు. చోటు లేదంటావా, కెనిస్టర్ ఫిల్టరు డబ్బా తగిలించు, రెండూ ఒకటే." మూడు మాటల్లోనూ తలా రవ్వంత నిజం ఉంది. అందుకే అవి ఇంత దూరం పాకాయి.

మన ఇళ్లలో సంపంటే కుళాయి నీళ్లు పట్టుకునే గొయ్యి. ఈ సంపు వేరు. ట్యాంకు స్టాండులో, కింద పెట్టుకునే రెండో గాజుతొట్టి ఇది. పైనుంచి నీళ్లు పైపులో దిగుతాయి, కింద ఉన్న మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. నీళ్లలోని మురికిని నురగగా లాగేసే స్కిమ్మరు, హీటరు లాంటివన్నీ కంటికి కనపడకుండా అందులో కూర్చుంటాయి. అంటే సంపు ఫిల్టరు కాదు, ఫిల్టర్లు పెట్టుకోవడానికి చోటు. ఖాళీ గది కట్టినంత మాత్రాన అందులో వంట అయిపోదు కదా.

మొదటి మాట, "నిలబడదు" అన్నది. ట్యాంకును నిలబెట్టేది బాక్టీరియా. చేపల వ్యర్థాలు, తినకుండా వదిలేసిన మేత అమ్మోనియా అవుతాయి. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. వీటి కాపురం బొరియలున్న రాయి మీద, ఇసుకలో. రాయి లోలోపల, ఆక్సిజన్ అందని చోట, మరో జాతి ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది. ఆ రాయి పైతొట్టిలో ఉందా, కిందితొట్టిలో ఉందా అన్నది వాటికి పట్టదు. 1961లోనే జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన రాళ్లూ గాలిబుడగలూ తప్ప ఫిల్టరంటూ లేకుండా ఉప్పునీటి ట్యాంకులు నడిపి, ఆ పద్ధతిని రాసి పెట్టాడు. ఆయనకు తాజా రాయి చేతికందేది నిజమే. మన దగ్గర సముద్రంలోంచి పగడాల రాయి ఏరుకొస్తానంటే కుదరదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పొడిరాయి కొని, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా వారాల తరబడి ఆగాలి. ఆ ఓపిక లేనివాళ్లకే సంపు అమ్ముడుపోతుందని నా అనుమానం.

ఇక నీళ్లు మార్చక్కర్లేదన్న మాట. రాయి తీసేయగా మిగిలిన నైట్రేట్ నీళ్లలో పేరుకుంటుంది, నీళ్లు మార్చేది ముఖ్యంగా దాని కోసమే. దీనికి లెక్క వేస్తే చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 లీటర్లు. రాయి, ఇసుక పోగా నీళ్లు 45 అనుకుందాం. సంపులో ఇంకో 20 కలిస్తే 65. ముందు వారానికి 6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 6) పెరిగే నైట్రేట్ ఇప్పుడు 4 చొప్పున పెరుగుతుంది. 20 దాటడానికి మూడు వారాల బదులు ఐదు వారాలు పడుతుంది. వాయిదా పడింది, అంతే. పోయే దారి లేనిదే ఏదీ పోదు. సంపులో దీపం పెట్టి కీటోమార్ఫా నాచు పెంచి, పెరిగింది పెరిగినట్టు కోసి పారేస్తుంటే నైట్రేట్ నిజంగానే తగ్గుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ పగడాలు పీల్చేసే కాల్షియం, మెగ్నీషియం నాచు తెచ్చివ్వదు కదా. చిన్న ట్యాంకులో వారానికి ఐదు లీటర్లు కొత్త ఉప్పునీరు పోస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. ఒక బకెట్టు, పావుగంట.

సలహా ఇచ్చేవాళ్లు చెప్పకుండా దాటేసేది కరెంటు సంగతి. మోటారు ఆగగానే, నీళ్లు పైకి తెచ్చే గొట్టం మూతి ఎంత లోతులో మునిగి ఉంటే అంత మేరా నీరు అదే గొట్టంలో దానంతటదే వెనక్కి జారిపోతుంది, అదే సైఫన్. 60 సెంటీమీటర్లు ఇంటూ 30, అయిదు సెంటీమీటర్ల లోతు: తొమ్మిది లీటర్లు. సంపులో అంత ఖాళీ లేకపోతే మిగతాది మీ హాల్లోకే. సైఫన్ తెగడానికి గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెడతారు, నేనూ పెట్టాను. మూడో నెలలో దాన్ని నాచు మూసేసింది, నేను చూసుకోలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. తెల్లారి లేచేసరికి చాప తడిసి ముద్దయింది, ఎక్స్‌టెన్షన్ బోర్డు చచ్చింది, కింది వాటా ఆంటీ సీలింగు చూపించడానికి మెట్లెక్కి వస్తున్నారు. రెండు రోజుల్లో తడి ఆరింది గానీ ఉప్పు చార ఇంకా పోలేదు.

గాజుకి రంధ్రం వేయకుండా, నీళ్లు కిందికి దించడానికి అంచుకి తగిలించే ఓవర్‌ఫ్లో పెట్టెది ఇంకో రకం ప్రమాదం. దాని యూ గొట్టంలో గాలి చేరిందా, కిందికి దిగడం ఆగిపోతుంది, మోటారు మాత్రం తోస్తూనే ఉంటుంది. పోనీ రంధ్రమే వేయిద్దామంటే ముందు ఆ గాజు టెంపర్డ్, అంటే వేడిచేసి గట్టిపరిచినది, కాదని తేల్చుకోండి. టెంపర్డ్ అయితే డ్రిల్లు తగలగానే ట్యాంకంతా పలుకులే.

ఎండాకాలం ముచ్చట కూడా ఉంది. నీళ్లలో మునిగిన మోటారు తినే కరెంటు దాదాపు అంతా చివరికి ఆ నీళ్లలోనే వేడిగా దిగుతుంది. మే నెల విజయవాడలో గదే కాలుతుంటే అది అదనపు కట్నం. చల్లబరచడానికి ఫ్యాను పెడితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. 50 లీటర్లలో రెండు లీటర్లు పోతే వెయ్యికి 35 పాళ్ల ఉప్పు 36.5కి చేరుతుంది. సంపున్న ట్యాంకులో పైతొట్టి మట్టం కదలదు. ఆవిరైన నీరంతా మోటారున్న చిన్న అరలోనే తగ్గుతుంది. ఆ అర నాలుగు లీటర్లదైతే, రెండు రోజులు ఊరెళ్లొచ్చేసరికి మోటారు గాలి పీలుస్తుంటుంది. కాబట్టి నీళ్లు తనంతట తాను నింపే ఫ్లోటు కూడా కొనాలి. చూశారా, ఒక్క సలహా ఎన్ని వస్తువుల్ని వెంటేసుకొస్తుందో.

"కెనిస్టరూ సంపూ ఒకటే" అన్నది మూడోది. కాదు. సంపులో నీరు గాలికి తెరుచుకుని పడుతూ లేస్తూ ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర ఉప్పునీటిలో ఆక్సిజన్ లీటరుకు ఆరు మిల్లీగ్రాములకు కాస్త పైన మాత్రమే ఇముడుతుంది, మంచినీటిలో కంటే తక్కువ. అందుకే ఈ తేడా చిన్నది కాదు. కెనిస్టర్ మూతబిగించిన డబ్బా. కొన్ని గంటలు కరెంటు లేకపోతే లోపల ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా దెబ్బతింటుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీళ్లు నేరుగా చేపల మీదికి. అలాగని కెనిస్టర్‌ని "నైట్రేట్ ఫ్యాక్టరీ" అని తిట్టేవాళ్లతోనూ నేను కలవను. డబ్బా నైట్రేట్‌ని పుట్టించదు, మనం కడగని స్పాంజిలో చిక్కిన మేత పుట్టిస్తుంది. వారం వారం కడిగే చేయి ఉంటే పర్వాలేదు.

మూడు, నాలుగు అడుగుల ట్యాంకైతే, చేపలు ఎక్కువుంటే, మంచి స్కిమ్మరు కావాలనుకుంటే సంపు ఉండాలనే నేనూ అంటాను. రెండడుగుల్లో ఒక జత క్లౌన్ చేపలకి సరిపడా రాయి, నీళ్లు తిప్పే చిన్న వేవ్‌మేకరు, వెనక తగిలించే ఫిల్టరు చాలు. మిగిలిన డబ్బుతో ముందు నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు కొనుక్కోండి.

అయినా పెడతానంటారా? ఉప్పు కలపకముందే మామూలు కుళాయి నీళ్లతో నింపి, మోటారు నడిపించి, ఒక్కసారిగా స్విచ్చి తీసేయండి. సంపు అంచు దగ్గర కూర్చుని నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసి, అక్కడ మార్కరుతో గీత గీయండి. తర్వాత మళ్లీ మోటారు నడిపించి, సైఫన్ బెజ్జాన్ని వేలితో మూసి ఇంకోసారి స్విచ్చి తీసేయండి.