పల్లీ చేనుకు ఏ తూటా మంచిది?

మొన్న రాత్రి మా పల్లీ చేనులో అడవి పందులు పడ్డాయి. తెల్లారి గట్టు మీద నిలబడి చూస్తే అరెకరం నాగలి పెట్టినట్టుంది. దేవరకొండ దిక్కు మాకిది కొత్త కాదు. కొత్తదల్లా మా బావమరిది అడిగిన ప్రశ్న. ఊడిన పల్లీ చెట్టు ఒకటి చేతిలో పట్టుకుని, వేరు దులుపుతూ, చావు ఇంటికి వచ్చినవాడిలా గంభీరంగా అడిగాడు.

“బావా, ఆరు వందల గజాలకు 6.5 క్రీడ్‌మూర్ సరిపోతదా, 300 విన్‌మ్యాగ్‌కే పోదామా?”

రెండూ దూరం కొట్టే రైఫిల్ తూటాల పేర్లు. ఆరు వందల గజాల దూరంలో మా చేను లేదు. అక్కడ ఇంకొకరి బత్తాయి తోట ఉంది, దాని వెనక వాటర్ ట్యాంకు ఉంది. అయినా అడిగింది ఇంటి అల్లుడిని కాబట్టి నేనూ గంభీరంగానే ఆలోచించాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మావాడి దగ్గర తుపాకి లేదు. ఫోన్ ఉంది, రోజుకు రెండు జీబీ ఉంది. అందులో అమెరికాలో ఒక గడ్డపాయన కొండ మీద బోర్లా పడుకుని, అవతలి కొండ మీది ఎల్క్‌ను కొడుతుంటాడు. ఎల్క్ అంటే మన కణితి లాంటిదే, ఇంకా భారీ మనిషి. ఆ వీడియోలు చూసీ చూసీ మావాడికి తూటాల్లో కూడా వరసలు ఏర్పడ్డాయి. థర్టీ ఆట్ సిక్స్ అంటే చిన్నచూపు. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న తూటా అది, పేరులో ఆరు అందుకే. “తాతల కాలందిరా బాబూ” అంటాడు. 1963 నాటి 300 విన్‌మ్యాగ్ మేనమామ వరస, గౌరవం ఉంది. 2007లో వచ్చిన క్రీడ్‌మూర్ వాడి ఈడుది. 2022లో 7 ఎంఎం పీఆర్‌సీ దిగాక పాపం అదీ ముసలిదైపోయింది. ఎల్క్ ఒక్కటే 1906లో ఎట్లుందో ఇప్పుడూ అట్లే ఉంది. దానికి అప్‌డేట్ రాలేదు.

విన్‌మ్యాగ్‌లోని ఆ మ్యాగ్నమ్ మహిమ ఏమిటని అడిగితే, తూటా గొట్టంలో మందు ఎక్కువ పడుతుందన్నాడు. మందు ఎక్కువైతే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గుండు దూరం పోతుంది, మనిషి వెనక్కి పడతాడు. క్రీడ్‌మూర్‌తో పోలిస్తే విన్‌మ్యాగ్ భుజాన్ని దాదాపు రెట్టింపు తంతుంది. ఆ తన్నుకు జడిసి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునేవాడికి ఏ తూటా ఇచ్చినా ఒకటే. గురి అక్కడే పోతుంది.

రెండు వందల గజాలకు గురి కుదిర్చిన క్రీడ్‌మూర్ గుండు, ఐదు వందల గజాలకు వెళ్లేసరికి సుమారు నాలుగడుగులు కిందికి జారుతుంది. పక్క నుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి, అంటే మన పొలంలో తువ్వాల ఎగిరేంత గాలి, వీస్తే అడుగు పైనే పక్కకు పోతుంది. చేరడానికి అర సెకను దాటుతుంది. ఆ లోపల జంతువు ఒక్క అడుగు వేసిందా, గుండెకు పెట్టిన గురి కడుపులో దిగుతుంది. అది ఏ పొదలోనో పడి తీరిగ్గా చస్తుంది. వీడియో అక్కడిదాకా ఉండదు.

బెల్ అని ఒకాయన ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు, అందులో ఎక్కువ భాగం 275 రిగ్బీ అనే సన్న తూటాతోనే. మెచ్చుకోదగ్గ పని అని నేననను. దగ్గరికి వెళ్లేవాడు, ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో తెలిసినవాడు, అంతే. మనుషులను తినే చంపావత్ ఆడపులిని కొట్టినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ కూడా ఆ తూటాదే. ఇదంతా చెబితే మావాడు కాసేపు మౌనం పాటించి, “ఆయనకు ఛానల్ ఉన్నదా?” అన్నాడు.

చట్టం సంగతి ఎత్తితే వాడికి తలనొప్పి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద మన దగ్గర వేట నేరం. అమ్రాబాద్ పులుల అడవి మా నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. పంట తిన్న పందిని కొట్టాలన్నా అనుమతి కావాలి. ఇక 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపుదల కోసం పేరు పెట్టి మరీ గుర్తుపెట్టుకున్నది ఏ తుపాకినో తెలుసా? మూతిలోంచి మందు కూరేదాన్ని. ఇది విన్నాక మావాడు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

చివరికి మేం కట్టుకున్న ఆయుధాలు చెబుతాను. చుట్టూ మా ఆవిడ పాత చీరలు. గట్టు వెంట మంగలి షాపు నుంచి తెచ్చిన సంచెడు వెంట్రుకలు. మధ్యలో కర్రకు బ్యాటరీ మైకు. అందులో “హో... హో...” అని అరుపులు రికార్డు చేయమని మావాడికి చెప్పాం. ఏ బటన్ నొక్కాడో ఏమో, గుండు బరువు, గాలి, జారుడు మీద నాతో వాదించిందంతా ఎక్కింది. రాత్రంతా చేనులో అదే మోగింది. నిజం చెప్పొద్దూ, రెండు రాత్రులు ఒక్క పంది రాలేదు.

మూడో రాత్రి వచ్చాయి. మైకు కిందనే తవ్వి తిన్నాయి.

మావాడు నిరాశపడలేదు. ఫోన్‌లో మైకులు చూస్తున్నాడు. యాభై వాట్లది సరిపోతదా, వందకే పోదామా అని అడుగుతున్నాడు.