గత ప్రభుత్వం గారికి ఓ ఓటరు రాయునది

మహారాజశ్రీ గత ప్రభుత్వం గారికి,

కృష్ణా జిల్లా నుంచి ఒక ఓటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. పొద్దున్న పేపర్లో మీరే, రాత్రి టీవీ చర్చలో మీరే. పదవి పోతే పలకరించే దిక్కుండదంటారు గానీ మీ సంగతి వేరు. మీకు డ్యూటీ మొదలయ్యేదే పదవి పోయిన రోజు నుంచి. ఖజానా ఖాళీ అయితే మీరు, రోడ్డు మీద గుంత పడితే మీరు, ఉద్యోగుల డీఏ ఆగితే మీరు. వానలు బాగా పడితే మాత్రం మీ ఊసు రాదు. అది ప్రస్తుత ముఖ్యమంత్రి గారి పాదం చలవ. పింఛను పెరిగినా అంతే. 2014లో 200 రూపాయలున్న వృద్ధాప్య పింఛను వెయ్యి, రెండు వేలు, మూడు వేలు అవుతూ 2024 జులైకి నాలుగు వేలకి చేరింది. పెంచిన ప్రతివాళ్లూ మొదటి రూపాయి నుంచి తామే ఇస్తున్నట్టు చెప్పుకున్నారు. ఇందులో మీ వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు. పాపాల్లో తప్ప మీకు వాటా లేదు.

ఇప్పుడీ ఉత్తరం ఎందుకంటే, మా వీధి సైడు కాలువ గురించి. తవ్వారు, సగం కట్టారు, వదిలేశారు. మా వార్డు నాయకుణ్ని అడిగితే, "బాబాయ్, మనం వచ్చేసరికే కాంట్రాక్టరుకి పాత బిల్లులు పెండింగు. అంతా గత ప్రభుత్వం పెట్టిన బకాయి. అవి వస్తే తప్ప పలుగు పట్టనంటున్నాడు" అన్నాడు. న్యాయంగానే ఉందనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. ఇదే మాట కిందటి ప్రభుత్వంలోనూ మన గుమ్మంలో నిలబడి చెప్పింది ఇతనే కదండీ, అప్పుడు మెళ్లో కండువా రంగు వేరు, అంతే అంది.

వార్డు నాయకుణ్ని అని ఏం లాభం, పెద్దలు వేసిన దారే కదా అది. 2014 తర్వాత వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లే వచ్చేసరికి దేవుడు రాసిన స్క్రిప్టని అందరూ తెగ చెప్పుకున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది దీన్ని పెద్దగా లెక్కచెయ్యడు. వాళ్ల దగ్గర 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచినవాళ్లు 19 మంది అయితే, 2019 జూన్‌కల్లా 12 మంది టీఆర్ఎస్‌లో (తర్వాత దాని పేరే బీఆర్ఎస్ అయింది) విలీనమయ్యారు. 2023లో కాంగ్రెస్ గెలిచాక బీఆర్ఎస్ వాళ్లు పదిమంది ఇటు నడిచారు. ఇలాంటి నడకలు ఆపడానికే 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు పెట్టారు. అనర్హత తేల్చాల్సింది స్పీకరు. స్పీకరు కూడా ఏదో ఒక పార్టీ టికెట్టు మీద గెలిచొచ్చిన మనిషే. తెలంగాణ ఫిరాయింపుల ఫిర్యాదుల మీద మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చండని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇదంతా చూశాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. మీరు అసలు ఎక్కడికీ వెళ్లలేదేమో! ఓడిపోయిన నాడు కొంతమంది మిమ్మల్ని పార్టీ ఆఫీసుకి తీసుకుపోతారు. మిగతా మీరు అసెంబ్లీలోనే బెంచీ మారి కూర్చుని, మైకు దొరికినప్పుడల్లా మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. ఆ తిట్లలో వివరాలు బాగా ఉంటాయి, లోపలుండి చూసినవాళ్లు కదా.

మీ విశ్వరూపం మాత్రం పోలవరంలోనే చూడాలి. అంజయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శంకుస్థాపన చేశారు. 2004 తర్వాత రాజశేఖర రెడ్డి గారు పనులు మొదలెట్టారు. విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. 2018లో డయాఫ్రం వాల్, అంటే డ్యామ్ కింద నీరు ఊరకుండా భూమిలో కట్టే గోడ, పూర్తయిందన్నారు. ఆ తర్వాత వచ్చిన వరదలకి అది దెబ్బతింది. వరదని మళ్లించే తాత్కాలిక కట్టలు, అవే కాఫర్ డ్యామ్‌లు, పూర్తి చెయ్యకుండా గోడ కట్టారు, తప్పు గత ప్రభుత్వానిది అని వైసీపీ అంది. జరుగుతున్న పనికి కాంట్రాక్టర్ని మార్చి, కాఫర్ డ్యామ్ ఖాళీలు పూడ్చకుండా వరదకి వదిలేశారు, తప్పు గత ప్రభుత్వానిది అని టీడీపీ అంది. రెండు పార్టీలూ మాట మాటకీ కలిసిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. 2025 జనవరిలో కొత్త గోడ మొదలెట్టారు. పాత గోడ ఖర్చు మీ ఖాతాలో పడింది, కొత్త గోడ ఖర్చు మా ఖాతాలో. ముంపు మండలాల వాళ్లు పునరావాస ప్యాకేజీ అడిగితే, అక్కడా మళ్లీ మీరే.

అదే గోదావరి మీద ఎగువన, తెలంగాణ కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా కట్టిన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ పియర్లు, అంటే స్తంభాలు, కుంగాయి. పాపం అప్పటికి తొమ్మిదేళ్లుగా అక్కడ ఒకే పార్టీ. అవసరం పడే నాటికి మీరు అందుబాటులో లేరు. ఏం చెయ్యాలో తోచక ఇంజనీర్లు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కుట్ర అనుమానం ఉందని ఫిర్యాదు ఇచ్చారు. డిసెంబర్లో ప్రభుత్వం మారింది. మీరు డ్యూటీలో చేరారు, అందరికీ ఊపిరాడింది.

మీ మీద రాసినన్ని కాగితాలు ఏ మహాపురుషుడి మీదా రాయలేదు. 2023 డిసెంబర్ 20న తెలంగాణ ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి అప్పులు 6.71 లక్షల కోట్లు అంది. నాలుగు రోజులు తిరక్కుండా బీఆర్ఎస్ వాళ్లు స్వేదపత్రం, అంటే చెమట పత్రం, తెచ్చి 3.17 లక్షల కోట్లే అన్నారు. మా ఊరి సొసైటీ లెక్కల్లో మూడొందలు తేడా వస్తే గుమస్తాని మహాజన సభలో నిలబెట్టి అడుగుతారు. ఇక్కడ తేడా మూడున్నర లక్షల కోట్లు, నిలబడినవాడు లేడు. ఆంధ్రలో 2014లోనూ శ్వేతపత్రాలు, 2024లోనూ శ్వేతపత్రాలు. ఢిల్లీలో అయితే మీకు రిటైర్మెంటే లేదు. మీరు దిగిపోయిన పదేళ్లకి, 2024 ఫిబ్రవరి 8న, మీ మీద పార్లమెంటులో శ్వేతపత్రం పెట్టారు. కాంగ్రెస్ వాళ్లు అదే రోజు నల్లపత్రం తీశారు. పదేళ్లు ఏలినవాళ్లకి కూడా మిమ్మల్ని వదులుకోవాలంటే మనసు రావడం లేదు. మీ ఉద్యోగ భద్రత చూస్తే మా కాంట్రాక్టు టీచర్లకి కడుపు మండిపోదూ!

పోనీ ఇద్దరూ సభలో ఎదురుపడి లెక్క తేల్చుకుంటారా అంటే, ఎదురుపడితే కదా. ఫిరాయింపుల మీద అలిగి 2017 చివర్లో వైసీపీ సభ మానేసింది. 2021 నవంబర్లో చంద్రబాబు గారు మళ్లీ ముఖ్యమంత్రిగానే ఈ సభలో అడుగుపెడతానని శపథం చేసి వెళ్లి, చెప్పినట్టే వచ్చారు. 2024 తర్వాత 11 మందితో మిగిలిన జగన్ గారు ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంటున్నారు. తెలంగాణలో కేసీఆర్ గారు సభకి వచ్చిన రోజు అదే పెద్ద వార్త. 60 రోజులు అనుమతి లేకుండా సభకి రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణంలో ఉంది. దాన్ని శ్రద్ధగా చదివేది ప్రతిపక్షమే అనుకుంటాను. 2025లో వైసీపీ వాళ్లు గవర్నర్ గారి ప్రసంగానికి వచ్చి, నినాదాలు చేసి, వాకౌట్ చేశారు. రాకపోతే ఇబ్బంది, ఉంటే చర్చ, మధ్యేమార్గం వాకౌట్.

ఇంత చూశాక మాకు ఎమ్మెల్యేల మీద నమ్మకం ఉందా అని మీరు అడగొచ్చు. ఎవరి మీదా లేదు. అయినా 2024 మే 13న మా రాష్ట్రంలో 80 శాతం పైగా ఓటేశాం. హైదరాబాద్ నుంచి బస్సుల్లో నిలబడి వచ్చాం, కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటేదాకా క్యూలో ఉన్నాం. 175 సీట్లలో టీడీపీకి 2014లో 102, తర్వాత 23, తర్వాత 135. వైసీపీకి 67, తర్వాత 151, తర్వాత 11. టీవీ పండితులు దీన్ని ప్రభంజనం అంటారు. గెలిచినవాళ్లు తమ మీద నమ్మకం అంటారు. క్యూలో నా ముందు నిలబడ్డ పెద్దాయన మాత్రం "వీళ్లని దించడానికొచ్చాను, ఎక్కేవాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. అంటే మేం ఓటేసి పుట్టించేది కూడా మిమ్మల్నేనేమో. గెలిచినవాళ్లు పక్కన ఊరికే వస్తారు.

మేమేం తక్కువ తినలేదు లెండి. మా ఇంట్లో మా అబ్బాయిదొక పార్టీ, అల్లుడిదొక పార్టీ. ఇద్దరూ వాట్సాప్ గ్రూపులో గత ప్రభుత్వాన్ని తిడుతూనే ఉంటారు, ఇద్దరి గత ప్రభుత్వాలూ వేరు. మొన్న సంక్రాంతికి మాటా మాటా పెరిగి అల్లుడు గారెలు వదిలేసి లేచిపోయాడు. ఆ సమయంలో కాలువ పొంగి నీళ్లు వాకిట్లోకి వచ్చాయి. వాళ్లిద్దరూ గట్టు మీద నిలబడి అది ఎవరి హయాంలో తవ్విందో తేల్చుకుంటున్నారు. చీపురు పట్టుకున్నది మా ఆవిడ.

కనక నా మనవి చిన్నది. మీరు కాంట్రాక్టరుకి బాకీ ఎంతో ఒక చీటీ మీద రాసి పంపితే వీధిలో చందాలు వేసుకుని మేమే కట్టేస్తాం. రసీదు మీ పేరు మీదే ఇప్పిస్తాను. ఇన్నేళ్లలో మీరు కట్టిన బాకీ అదొక్కటైనా ఉంటుంది.

ఈ ఉత్తరం ఏ అడ్రసుకి పంపాలో తెలియక రెండు చోట్ల వాకబు చేశాను. వెలగపూడి సచివాలయంలో "ఆ పేరు గలవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు" అన్నారు. పార్టీ ఆఫీసులో అయితే కోపం వచ్చింది. "మేం గత ప్రభుత్వం ఏంటండీ, రాబోయే ప్రభుత్వం!" అన్నారు.

ఇట్లు,
ఓటరు జాబితాలో ఇంకా పేరున్న ఒకడు

ప్రతి: ప్రస్తుత ప్రభుత్వం గారికి. త్వరలో తమరు ఈ బాధ్యతలు స్వీకరించాల్సి ఉన్నందున, ముందస్తు సమాచారం నిమిత్తం.